అడవి పాఠం ఆడపిల్లకు వద్దా?

మాచర్ల ప్రాంతంలో ఒక హైస్కూలు ఎకోక్లబ్ పిల్లల్ని ఎత్తిపోతలకు తీసుకెళుతున్నారని తెలిసి వెళ్ళాను. బస్సు నిండా మగపిల్లలే. ఆడపిల్లలేరని అడిగితే, "ఎందుకండీ మనకి రిస్కు? ఏమన్నా అయితే పూచీ ఎవరిది?" అన్నారు మాస్టారు. ఆడపిల్లలు వరండాలో కూర్చుని చార్టు మీద జలపాతానికి రంగులు వేస్తున్నారు.

మాచర్ల పక్కన పారే చంద్రవంకే ఎత్తిపోతల దగ్గర 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. ఆ వాగు నీళ్ళలో బట్టలుతికే పిల్ల అది దూకేచోటు చూడకూడదా?

ఈ పిల్లలే సెలవురోజున తెల్లారకముందే మిరపకోతకు పోతారు. అప్పుడు పూచీ ఎవరిదని ఎవరూ అడగరు. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టర్ బోల్తాపడి నలుగురు మిరప కూలీలు చనిపోయారు. నలుగురూ ఆడవాళ్ళే. కూలికి పోయేటప్పుడు లేని భయం చదువుకి పోయేటప్పుడే ఎందుకొస్తోంది? భయం అడవి గురించి కాదు, ఆడపిల్ల తన ఇష్టంగా గడప దాటడం గురించి.

పర్యావరణాన్ని పాఠ్యాంశం చెయ్యాలని సుప్రీంకోర్టు చెప్పింది 1991లో. బడుల్లో ఎకోక్లబ్బుల కోసం జాతీయ హరిత దళం వచ్చింది 2001లో. వీటిలో ఎక్కడా ఇది మగపిల్లలకే అని లేదు. ఆ మాట మనమే చేర్చుకున్నాం.

ప్రకృతి గురించి ఈ పిల్లలకేం తెలుసంటారా? 2021లో నల్లతామర మిరపను ఊడ్చేసినప్పుడు పూత విప్పి పురుగును చూసినవాళ్ళు వీళ్ళు. వాళ్ళకు తెలిసినదానికి బడి పేరు పెట్టాలి, కారణం చెప్పాలి. మొక్కను చెమట కోసం కాక, తెలుసుకోవడం కోసం ముట్టుకునే ఒక్క రోజు ఇవ్వాలి.

తల్లుల భయం అబద్ధమని నేననను. నేనూ ఆడపిల్ల తల్లినే. అయితే భయానికి మందు పిల్లను ఆపడం కాదు, ఏర్పాట్లు చెయ్యడం. వెంట ఇద్దరు టీచరమ్మలు వెళ్ళాలి. దిగేచోట మరుగుదొడ్డి, నీళ్ళు ఉండాలి. నెలసరి వచ్చిన పిల్ల ఆగిపోనక్కరలేకుండా గుడ్డలో ప్యాడ్లో సిద్ధంగా ఉంచాలి. తల్లుల్లో ఒకరిద్దరిని తోడు తీసుకెళ్ళాలి. నల్లమల గురించి చెప్పడానికి చెంచు ఆడవాళ్ళను పిలిచి, టీచర్లకిచ్చినట్టే గౌరవమూ డబ్బూ ఇవ్వాలి. ఇవేవీ కోట్ల ఖర్చు కావు.

అక్కచెల్లెళ్ళారా, ఈసారి మీ ఊరి బడి బస్సు బయల్దేరే రోజున అక్కడికి వెళ్ళండి. బస్సులో ఎక్కినవాళ్ళను కాదు, వరండాలో మిగిలినవాళ్ళను లెక్కపెట్టండి. ఆ లెక్క పట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి నడవండి.