చీరలు కూతుళ్ళకు, కాగితాలు కొడుకులకా?

గత సంవత్సరం మా పెద్దమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆమెది గంజాం జిల్లా తీరంలోని మార్కండి. తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాల ఊరు. పెదనాన్న పోయాక ఇరవై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని బరంపురం వీధులు తిరిగి, ఇద్దరు కొడుకులను, ఇద్దరు కూతుళ్ళను పెంచింది. భూస్థాపన అయింది, ఆదరణ కూడిక అయింది. వాక్యం మేమే చెప్పాం. భోజనాలయ్యాక ఆమె రేకు పెట్టె బయటికి తీశారు.

పైన చీరలు. వాటికింద కీర్తనల పుస్తకం. అడుగున పాలిథిన్ కవరులో చుట్టిన కాగితాలు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు అమ్మ ఆ కవరునే ఒడిలో పెట్టుకుని కూర్చుందని చిన్నక్క చెప్పింది. పెద్దన్నయ్య చీరలు తీసి చెల్లెళ్ళ ముందు పెట్టాడు. కవరు తన పక్కకు జరుపుకున్నాడు. "కాగితాలు మీకేటికే?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

అన్నయ్య చెడ్డవాడు కాడు. తల్లిని చివరిదాకా చూసుకున్నది అతనూ, వదినా. ఆ మాట అతను పుట్టించింది కూడా కాదు, మన ఇళ్ళన్నిటిలో వినబడేదే. కానీ ఆ కాగితాలు అతనికీ చదవడం రాదు. ఒడిశాలో మనవాళ్ళ ఇళ్ళల్లో మాట తెలుగు, కాగితం ఒడియా. గదిలో ఒడియా చదవగలిగింది ఒక్కరే, పదో తరగతి చదువుతున్న పెద్దక్క కూతురు. కాబట్టి కవరు ఆ పిల్ల చేతికి వచ్చింది.

రేషన్ కార్డు, పింఛను పుస్తకం, ఇంటి కాగితం చదివింది. అన్నయ్య నామినీగా ఉన్న బ్యాంకు డిపాజిట్ రసీదు చదివింది. చివర ఒక తాకట్టు చీటీ చదివింది. అది చిన్నక్క గొలుసుది. అన్నయ్య పడవ ఇంజను కోసం ఆరేళ్ళ కిందట అమ్మ అడిగి తీసుకుని తాకట్టు పెట్టింది. ఇంకా విడిపించలేదు. చిన్నక్క ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అన్నయ్య తల దించుకున్నాడు.

ఆ రోజు నుంచి మాకొక ప్రశ్న పట్టుకుంది. సమాధి దగ్గర ఉన్న సంఘం, పెట్టె తెరిచేటప్పుడు ఎక్కడ ఉంది? ఎన్నో ఇళ్ళల్లో మేము ప్రార్థన చేసి, భోజనం చేసి, వచ్చేశాం. ఆ తర్వాతే అసలు పంపకం జరిగింది.

చట్టం ఏమి చెబుతుందో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. వీలునామా రాయకుండా క్రైస్తవుడు చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు. మిగతా రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు అన్న తేడా లేదు, పెళ్ళయిందా లేదా అన్న తేడా లేదు. తల్లి విధవరాలిగా చనిపోతే ఆమె ఆస్తి అంతా పిల్లలకు సమానంగా వస్తుంది. కేరళలో మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో గెలిచేవరకు తిరువాన్కూరు క్రైస్తవ కూతుళ్ళకు ఈ సమానత లేదు. మనకు చట్టం ఎప్పుడో ఇచ్చింది. మనమే ఇవ్వడం లేదు. నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే గాని సొంతదారు కాడని సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"ఆస్తి పంపకంలో పాస్టరుగారికి ఏం పని?" అని కొందరు అడుగుతారు. లూకా 12వ అధ్యాయం చూపిస్తారు. నిజమే, పంచిపెట్టేవానిగా ఉండటానికి ప్రభువు ఒప్పుకోలేదు. కానీ ఆ వెంటనే ఆయన హెచ్చరించింది లోభం గురించి. చెల్లెలి వాటా మీద చెయ్యి వేయడం లోభం కాదా? సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు తండ్రి స్వాస్థ్యం అడిగినప్పుడు మోషే వాళ్ళను ఇంటికి పంపలేదు. దేవుని సన్నిధికి తీసుకువెళ్ళాడు. వాళ్ళు చెప్పింది న్యాయమని దేవుడే అన్నాడు (సంఖ్యాకాండము 27).

యొప్పే కూడా సముద్రపు ఒడ్డు ఊరే. దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపించి ఏడ్చారు (అపొ. కార్యములు 9:39). పేతురు మోకాళ్ళూనకముందు వాటిని చూశాడు. మనం చూడకుండానే ప్రార్థన ముగిస్తున్నాం.

సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరానివాడి ఇల్లు ఇంకా కష్టం. శవం దొరకదు, మరణ ధృవపత్రం చేతికి రాదు. ఏడేళ్ళు జాడ లేకపోతే చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. అప్పటిదాకా ఆ పెట్టె తెరవడానికి భార్యకు మనసు రాదు, మూసి ఉంచితే ఇల్లు గడవదు. ఆ ఏళ్ళలో ఆమె పక్కన నిలబడేది ఎవరు?

అందుకే సంఘ పెద్దలకు మా మనవి. పెట్టె తెరిచేటప్పుడు ఇంటి ఆడవాళ్ళందరూ ఉండాలి. ప్రతి కాగితం బిగ్గరగా చదివి, జాబితా రాసి, అందరూ సంతకం చేయాలి. జ్ఞాపకార్థ కూడిక ముగిసేవరకు ఏ కూతురి చేతా హక్కు వదులుకునే కాగితం మీద సంతకం పెట్టించకూడదు. అప్పులవాళ్ళు వస్తే, చనిపోయినవారి ఆస్తికి మించి వారసులు తీర్చనక్కర్లేదని చెప్పాలి.

యౌవనులారా, మీకు చదువు ఉంది, చేతిలో ఫోన్ ఉంది. పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్లను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ పోర్టల్ తెరిచింది. మీ సంఘంలోని ముసలమ్మలకు చదివి పెట్టండి. అది కూడా పరిచర్యే.

మా పెద్దమ్మ డిపాజిట్ నుంచి ముందు చిన్నక్క గొలుసు విడిపించాలని అన్నయ్యే అన్నాడు. మిగిలింది నాలుగు వాటాలు చేశారు. ఇంటి సంగతి ఇంకా తేలలేదు. వచ్చే నెల మళ్ళీ మార్కండి వెళ్తున్నాం. ఈసారి ప్రార్థన అయ్యాక లేచి రాము.