పంపు చేతికిచ్చి హక్కు ఎగ్గొడతారా?

మేడ్చల్ దగ్గర కుట్టు కంపెనీకి పోయే ఒక చెల్లెలు మొన్న మా సమావేశంలో అన్నది: "అక్కా, మధ్యాహ్నానికి రొమ్ములు రాయిలెక్క అయితయి. బాత్రూంలకు పోయి పిండి పారబోస్త. ఇంటికాడ బిడ్డకు మా అత్త డబ్బాపాలు పడతది." శామీర్‌పేట వైపు అపార్ట్‌మెంటులో ఉండే ఇంకో తల్లి కథ వేరు. ఆమె బిడ్డ పక్కనే ఉంటుంది, అడిగినప్పుడల్లా రొమ్మిస్తుంది. అయినా ప్రతిసారీ తరవాత పంపు పెట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో నిల్వ లేకపోతే ఏదో తక్కువ చేసినట్టు భయం.

ఒకరికి పాలిచ్చే వీలు లేదు. ఒకరికి ఇస్తున్నా నమ్మకం లేదు. ఇద్దరికీ బజారు చెప్పే జవాబు ఒకటే: పంపు కొనుక్కో!

ముందు రెండో తల్లి సంగతి. ఎన్ని పాలు బయటికి పోతే అన్ని తయారవుతాయి. బిడ్డ తాగినదానికి తోడు యంత్రంతోనూ లాగితే శరీరం కవలలున్నారనుకుంటుంది. పాలు అవసరానికి మించి పడి రొమ్ము వాస్తుంది. అతిగా పంపు వాడితే ఆ వాపు ఇంకా పెరుగుతుందని అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లోనే హెచ్చరించింది. పంపులో పడ్డ మిల్లీలీటర్లు తల్లి పాలకు కొలత కాదు. బిడ్డ బరువు పెరుగుతూ, మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. అలాంటి తల్లికి పంపు అవసరం లేదు.

పంపే వద్దని మేమనడం లేదు. నెలలు నిండక రొమ్ము పట్టలేని బిడ్డకు పిండిన పాలే ప్రాణం. నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకు పెట్టింది అలాంటి పసివాళ్ల కోసమే. పనికి పోక తప్పని తల్లికీ పిండటం అక్కరకొస్తుంది. చేత్తోనైనా పిండి, ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. పంపు వాడే ఏ తల్లినీ మేము తప్పుపట్టం. హక్కు ఇవ్వాల్సిన చోట పంపును చూపించేవాళ్లతోనే మా పేచీ.

ఎందుకంటే హక్కు కాగితం మీద ఉంది. 1961 ప్రసూతి చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా పని మధ్యలో రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇచ్చింది. 2017 సవరణ మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతం సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది, తల్లి అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లవచ్చంది. 50 మంది ఆడవాళ్లు కాదు, మొత్తం పనివాళ్లు! 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవన్నీ ఉన్నాయి. మరి ఆ చెల్లెలు బాత్రూంలో పాలెందుకు పారబోస్తున్నది?

చట్టంలోనూ చిల్లులున్నాయి. ఆరు నెలలు తల్లిపాలే పట్టమంటారు. 26 వారాల్లో ఎనిమిది కాన్పుకు ముందే వాడుకుంటే మిగిలేది 18. లెక్క ఎట్లా కుదురుతుంది? ఇక కూలికి పోయే తల్లికి మొదటి కాన్పుకు మాతృవందన యోజన కింద వచ్చేది 5,000 రూపాయలు. నెలల తరబడి పోగొట్టుకున్న కూలికి అది ఏ మూలకు? పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలే నిలుస్తాయంటారు. మే నెలలో రేకుల ఇంట్లో ఎంతసేపు నిలుస్తాయి?

"పంపు స్త్రీకి స్వేచ్ఛ, తండ్రి కూడా పాలు పట్టవచ్చు" అంటారు. మంచిదే. కానీ పంపు పెట్టుకోవడం, దాని ముక్కలు కడగడం, మరిగించడం ఎవరి పని? తండ్రి సాయపడటానికి తల్లికి ఇంకో చాకిరీ పెట్టాలా? వంట చేయమనండి, బట్టలు ఉతకమనండి, రాత్రి బిడ్డను భుజాన వేసుకోమనండి!

అక్కలారా, మనం అడగాల్సింది ఇది. మేడ్చల్ పారిశ్రామికవాడలోనూ, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోనూ ప్రతి షిఫ్టు తల్లికీ అందేంత దగ్గరలో శిశు కేంద్రం ఉండాలి. ఒక్క కంపెనీ పెట్టలేకపోతే నాలుగు కలిసి పెట్టే వీలు కోడే ఇచ్చింది. కాంట్రాక్టు కార్మికురాలికీ అందులో చోటుండాలి. జీతం కోయని విరామం కావాలి. పాలు పిండుకోవాలనుకునే తల్లికి గడియ ఉన్న శుభ్రమైన గది, ఫ్రిజ్ కావాలి.

ఇవన్నీ ఉన్నాక పంపు వాడాలా వద్దా అన్నది తల్లి ఇష్టం. ఇవేవీ లేకుండా పంపు చేతిలో పెడితే అది ఇష్టం కాదు, గత్యంతరం లేకపోవడం.