పేరు చివరి అక్క

‘తిప్పక్కా... యాడికి పోతాండావు?’

అనంతపురం జిల్లా కుందుర్పిలో ఇలాంటి కేక వినపడితే, వెనక్కి తిరిగి చూసేది ఆడమనిషేనని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. అదే ‘తిప్పన్నా’ అంటే మగమనిషి. తేడా అంతా ఆ చివరి ముక్కలోనే! పేరులో మొదటి సగం దేవుడిది. మనిషి ఆడో మగో చెప్పేది రెండో సగం.

వేలుపు ఒకరే

కళ్యాణదుర్గానికి దక్షిణంగా, కర్ణాటక అంచున ఉంటుంది కుందుర్పి. పొలిమేర దాటితే చిత్రదుర్గ జిల్లా. అక్కడి చళ్లకెరె తాలూకా నాయకనహట్టిలో కొలువైన తిప్పేరుద్రస్వామికి ఇవతలి పల్లెల్లోనూ భక్తులున్నారు. ఆయనకు మొక్కుకున్నాక పుట్టినవాడు తిప్పేస్వామో తిప్పన్నో అవుతాడు. ఆడపిల్ల పుడితే తిప్పమ్మ, తిప్పక్క. ఉరవకొండ వైపు పెన్నహోబిలం నరసింహస్వామి పేరున ఓబులేసు, పెన్నోబులేసు, ఓబుళమ్మ. తిమ్మప్పకు జోడీగా తిమ్మక్క, హనుమంతప్పకు జోడీగా హనుమక్క. మొక్కు ముందే ఉంటుంది కాబట్టి పేరూ ముందే ఖాయం. బిడ్డ పుట్టాక తేల్చుకోవాల్సింది చివరి ముక్క ఒక్కటే.

నార్పల మండలం గూగూడు కుళ్లాయిస్వామిది మరో తీరు. మొహర్రం రోజుల్లో అక్కడి పీర్లకు హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. కుళ్లాయి అంటే టోపీ. ఆ స్వామి పేరు పెట్టుకున్న కుళ్లాయప్ప మగవాడని ఇట్టే తెలుస్తుంది. ఏ మతం వాడో మాత్రం అంత తేలిగ్గా తెలియదు!

ఊరు మారితే...

అయితే ఈ గుర్తు అన్నిచోట్లా పనిచేయదు. కన్నడంలో అప్ప అంటే తండ్రి. సీమ పేర్లలో అది మగవారికి తగిలించే మర్యాద. శ్రీకాకుళం వైపు వెళ్లి ‘అప్ప వచ్చింది’ అంటే అక్క వచ్చిందని అర్థం! ఒకే మాట ఒక మూల తండ్రి, ఇంకో మూల తోబుట్టువు.

తోకలేని పేర్లతో తికమక ఇంకా ఎక్కువ. కిరణ్ అనగానే తెలుగువాళ్లకు అబ్బాయే గుర్తొస్తాడు. కిరణ్ బేడీ పేరు వింటే ఆ ఊహ తలకిందులవుతుంది. జ్యోతి మనకు అమ్మాయి పేరు. 1977 నుంచి 2000 వరకూ పశ్చిమ బెంగాల్‌ ముఖ్యమంత్రిగా ఉన్నది జ్యోతి బసు. సుమన్ అంటే మనకు సినిమా హీరో. హిందీ పాటలు వినేవాళ్లకు గాయని సుమన్ కల్యాణ్‌పూర్.

మన పత్రికల్లోనూ ఈ తమాషా జరిగింది. ‘ఇల్లాలి ముచ్చట్లు’ శీర్షికను నడిపిన ‘పురాణం సీత’ అసలు పేరు పురాణం సుబ్రహ్మణ్యశర్మ. ఇక ‘బీనాదేవి’ పేరు వెనక ఉన్నది ఒకరు కాదు, భార్యాభర్తలిద్దరు... త్రిపురసుందరమ్మ, నరసింగరావు. పేరును బట్టి మనిషిని ఊహించుకోవడం మనకెంత అలవాటో వాళ్లకు బాగా తెలుసు.

అవ్వ పేరు చెప్పాలంటే...

వానలు మొహం చాటేసి వేరుసెనగ చేతికి రాకపోతే కుందుర్పి లాంటి మెట్ట పల్లెల వాళ్లకు కనిపించే దారి బెంగళూరే. కూలికి కొందరు, చదువుకు కొందరు. అక్కడ ‘అక్క’ తోక బరువనిపిస్తుంది. తిమ్మక్కలు, హనుమక్కలు ఉన్న ఇళ్లలోనే ఇప్పుడు మనవరాళ్లకు అక్కా అమ్మా లేని పొట్టి పేర్లు. ‘మీ అవ్వ పేరేంటి?’ అని స్నేహితురాలు అడిగితే, తిప్పక్క అని చెప్పడానికి నోరు రాని పిల్లలుంటారు. మరి తిప్పె అంటే కన్నడంలో పెంటకుప్ప. తెలుగులో దిబ్బ!

కానీ ఆ దిబ్బ వెనక ఓ తల్లి భయం ఉంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతున్న రోజుల్లో, ఈసారి పుట్టిన బిడ్డను కాసేపు పెంటకుప్ప మీద పడుకోబెట్టి, అక్కడ దొరికిందన్నట్టు తెచ్చుకునేవారు. చావుకు ఆ బిడ్డ మీద ఆశ పుట్టకూడదని ఎవరూ మెచ్చని పేరు పెట్టేవారు. తెలంగాణలో పెంటయ్య, పెంటమ్మ పేర్ల వెనకా ఇదే కథ. ఎంగిలి విస్తళ్లలో దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. ఇక్కడ గమనించాల్సిందొకటుంది. ఈ పేర్లన్నీ జంటలే. మగబిడ్డను దక్కించుకోవడానికి ఎంత ఆరాటమో, ఆడబిడ్డ కోసమూ అంతే.

దీని పక్కన మహారాష్ట్ర సంగతి పెట్టి చూడండి. 2011లో సతారా జిల్లాలో 285 మంది అమ్మాయిలకు అధికారులే కొత్త పేర్లు పెట్టించారు. వాళ్ల పాత పేరు ‘నకుశి’... అంటే అక్కర్లేనిది. కొడుకు కోసం ఎదురుచూస్తే కూతురు పుట్టిందని పెట్టిన పేరది. దానికి మగ జోడీ లేదు. వినడానికి ఇదీ మొరటే, అదీ మొరటే. కానీ నకుశి అంటే ‘నువ్వెందుకు వచ్చావు?’ అని. తిప్పక్క అంటే ‘నువ్వు ఉండిపో’ అని. ఒకటి వదిలించుకోవాల్సిన పేరు. రెండోది ఎందుకు పెట్టారో తెలుసుకోవాల్సిన పేరు.

కాగితం మీద...

పల్లెల్లో ఆడవాళ్లను సొంత పేరుతో పిలవడమే తక్కువ. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాడి అమ్మ... అలాగే గడిచిపోయేది. ఉపాధి హామీ పథకం మొదలైంది ఈ జిల్లాలోనే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ దాన్ని ప్రారంభించారు. జాబ్‌కార్డులో, మస్టరులో, పాసుపుస్తకంలో కోడళ్లూ అమ్మలూ సొంత పేర్లతో కనపడ్డారు. చేసిన పనికి కూలి ఆ పేరు మీదే.

అప్పటినుంచీ చివరి ముక్కకు విలువ పెరిగింది. వాకిట్లో నిలబడి తిప్పక్క అన్నా తిప్పమ్మ అన్నా పలికేది ఒక్కరే. ఆధార్‌లో అక్క, బ్యాంకులో అమ్మ అని పడితే కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు! అందుకే కాగితాలు రాయించేటప్పుడు పక్కన ఉండాల్సింది చదువుకున్న మనవరాలే. అవ్వ పేరు పూర్తిగా, తోకతో సహా, అన్నింట్లో ఒకేలా పడిందో లేదో చూడాల్సింది తనే. ఆ కాస్సేపట్లో ‘ఈ పేరు నీకెవరు పెట్టినారవ్వా?’ అని అడిగిందనుకోండి... అవ్వ చెప్పే కథ ఏ కాగితంలోనూ దొరకదు.