మూత విప్పరాని లాప్‌టాప్ ఎవరి కోసం?

ఒకప్పుడు పలక, బలపం మన గేరి పిల్లల చేతికి రాకుండా చూసినవాళ్లున్నారు. ఈనాడు డిగ్రీ చదివే పిల్ల ప్రాజెక్టు రాయాలన్నా, పోటీ పరీక్షకు ఆన్‌లైన్లో సాధన చేయాలన్నా లాప్‌టాప్ కావాలి. సెల్లులో చూడొచ్చు, వినొచ్చు. పది పేజీలు టైపు కొట్టడం వేరే పని. కాబట్టి అన్నిటికన్నా తక్కువ ధర లాప్‌టాప్ ఎట్లాంటిదన్నది పట్నం షోరూముల ముచ్చట కాదు, మన ముచ్చట.

2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఇంటికి వంద రోజులు. ఒక్క రోజూ తప్పకుండా చేస్తే 30 వేలు. ఓ మాదిరి కొత్త లాప్‌టాప్ ధరా అంతే! మంత్రాలయం, కోసిగి, పెద్దకడబూరు నుంచి గుంటూరు మిరపతోటలకు సుగ్గికి పోయే తల్లిదండ్రులు ఆ డబ్బు పెట్టి కొంటే, ఆ వస్తువు మూడేండ్లకే మూలపడితే ఎవరిని అడగాల?

మొదటినుంచీ ఇట్లే ఉండిందా? లేదు. 2007 చివర్లో తైవాన్ కంపెనీ ఆసుస్ 'ఈ పీసీ' అనే చిన్న లాప్‌టాప్ తెచ్చింది. ఏడంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ స్టోరేజీ. విండోసుకు డబ్బు కట్టే పని లేకుండా ఉచితంగా దొరికే లినక్స్ పెట్టారు. దాన్ని చూసి మిగతా కంపెనీలూ దిగాయి. 2008లో ఒక జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్కుతో నెట్‌బుక్‌లు బజారుకొచ్చాయి. నత్తనడక యంత్రాలే, పొగడాల్సిన పని లేదు. అయితే చాలావాటికి ఒక గుణం ఉండేది. అడుగున గొళ్లెం జరిపితే బ్యాటరీ ఊడి చేతికొచ్చేది. నాలుగు మరలు విప్పితే ర్యామ్, హార్డ్‌డిస్కు మార్చుకోవచ్చు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో రిపేరు కొట్టులో కూర్చున్న పిల్లోడికి ఒక స్క్రూడ్రైవరు చాలు.

తర్వాత సర్కారు దిగింది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆకాశ్ ట్యాబ్లెట్ విడుదల చేశారు. బిగింపు మన హైదరాబాదులోనే. సర్కారుకు పడిన ధర దాదాపు 2,250 రూపాయలు. 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గాని పలకని తెర! పేదోడి బిడ్డకు ఇది చాల్లే అనుకున్నారేమో. మరుసటేడు ఆకాశ్-2 తెచ్చినా ఆ పథకం నిలబడలేదు. అదే 2011లో, దానికి నెల ముందే, పక్కనున్న తమిళనాడు విద్యార్థులకు అసలైన లాప్‌టాప్‌లే ఉచితంగా పంచడం మొదలుపెట్టింది.

2014 నుంచి చవక లాప్‌టాప్‌ల రూపే మారింది. సన్నగా, తేలికగా, ఫ్యాను చప్పుడు లేకుండా వచ్చాయి. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, రెండూ మదర్‌బోర్డుకే సోల్డరింగ్ చేసేశారు. విండోస్ అప్‌డేటుకే ఆ చోటు చాలదు. 2022లో వచ్చిన జియోబుక్ 15,799 రూపాయలు, అదీ 2 జీబీ, 32 జీబీయే. 2023 మోడలులో రెండూ రెట్టింపు చేసి 16,499కి అమ్మారు. ఖరీదైన లాప్‌టాప్‌లు కూడా ఇట్లే మూసుకుపోయినాయి గదా అని కొందరంటారు. నిజమే. కానీ లక్ష పెట్టేవాడు కొన్నప్పుడే 16 జీబీ పెట్టించుకుంటాడు. 2 జీబీతో మొదలుపెట్టినవాడికే రేపు పెంచుకునే దారి కావాలి. ఆ దారే మూశారు.

ఇది చాలదన్నట్టు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మద్దతు ఆపేసింది. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకో ఏడాది గడువంట! విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలంటుంది. దానికంటే పాతది బాగా పనిచేస్తున్నా సరే, లెక్కలో లేదు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు అందుకే జాగ్రత్తపడాలి. ఐ5 అని స్టిక్కరుంటే సరిపోదు. దాని పక్క సంఖ్య చూడండి. 8250 అంటే ఎనిమిదో తరం, 7200 అంటే ఏడోది. ఏడో తరానిది ఇంట్లో ఉంటే పారేయొద్దు. లినక్స్ వేసుకుంటే నడుస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్సును తయారుచేసింది.

మన రాష్ట్రంలో 2021 జనవరిలో, 9 నుంచి 12 తరగతుల పిల్లలు అమ్మఒడి డబ్బుకు బదులు లాప్‌టాప్ కోరుకోవచ్చన్నారు. మాట మాటగానే పోయింది. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పాఠం చూడ్డానికి ట్యాబు మంచిదే, మేము కాదనం. రాయడం నేర్చుకోవాలంటే కీబోర్డు ఏది?

ఏ ప్రభుత్వమైనా రేపు మన హాస్టళ్లకు, గురుకులాలకు లాప్‌టాప్‌లు కొంటే టెండరు కాగితంలో ఈ మాటలుండాలని అడగాలి: ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు, పెంచుకునే వీలుండాలి, స్టోరేజీ విడిగా ఊడాలి, బ్యాటరీ ఇక్కడే మార్చగలగాలి, అయిదేండ్లు విడిభాగాలు జిల్లాలోనే దొరకాలి. వట్టిగా అడిగితే నవ్వి పంపిస్తారు. అందుకే కార్యకర్తలు తమ ఊర్లలో మూలపడిన లాప్‌టాపుల లెక్క తీయాలి. ఏ కంపెనీది, ఏ ఏడాది కొన్నారు, ఏం చెడింది, రిపేరుకు ఎంత అడిగారు, ఎందుకు బాగుచేయలేమన్నారు, ఇవన్నీ ఒక తెల్లకాయితం మీద రాసి వచ్చే సంచికలోపు మాకు పంపండి. సుగ్గికి పోయి తాళం వేసున్న ఇండ్లను వదిలేయకండి, వాళ్లు తిరిగొచ్చాక అడిగి రాయండి.