పచ్చ చిలుకలో దాగిన నీలం

పక్షుల దుకాణానికి పిల్లల్ని తీసుకెళ్లారనుకోండి. ఒక పంజరంలో ఆకుపచ్చ లవ్ బర్డ్స్, మరోదాంట్లో నీలివి, ఆ పక్కన పసుపువి, తెల్లవి. పిల్లలు ఏది కావాలంటారు? నీలమో, తెలుపో! 'ఆకుపచ్చవి మామూలువేగా' అని పెద్దలూ పెదవి విరిచేస్తారు. కానీ రంగుల చిలుకల్ని పెంచడంలో చెయ్యి తిరిగినవాళ్లు ముందుగా చూసేది ఆ మామూలు పక్షినే. ఎందుకంటారా?

పుట్టిల్లు ఆస్ట్రేలియా

మనం లవ్ బర్డ్స్ అని పిలుచుకునే ఈ బుజ్జి చిలుకల అసలు పేరు బడ్జరిగార్. ముద్దుగా బడ్జీ. నిజమైన లవ్ బర్డ్స్ వేరే ఉన్నాయి, అవి ఆఫ్రికావి. బడ్జీలది ఆస్ట్రేలియా. అక్కడి పొడి మైదానాల్లో గుంపులు గుంపులుగా తిరిగే వీటి సహజమైన రంగు ఆకుపచ్చే. పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ 1840లో ఇంగ్లండుకు ప్రాణాలతో తెచ్చినవీ అవే. తర్వాత 1870ల్లో బెల్జియంలోని పంజరాల్లో పసుపు పిల్లలు కనిపించాయి. మరికొన్నేళ్లకు నీలివీ వచ్చాయి. 1920లనాటికి జపాన్‌లో నీలి బడ్జీలంటే పిచ్చి మోజు. దాంతో ధరలు చుక్కలనంటాయి.

రంగుల లెక్క

విచిత్రమేమిటంటే, బడ్జీ ఈకలో నీలిరంగు పదార్థమే లేదు! ఈక లోపలి సన్నటి అల్లిక మీద వెలుగు పడి చెదరడం వల్ల, దాని అడుగున ఉన్న నలుపు వల్ల మన కంటికి నీలంగా కనిపిస్తుందంతే. దానిమీద పసుపు వర్ణకం చేరితే ఆకుపచ్చ. ఇక లెక్క తేలికే. పసుపు పోతే నీలం. నలుపు పోతే ఎర్రకళ్ల పసుపు పక్షి, అదే లుటినో. రెండూ పోతే తెల్లటి ఆల్బినో. అంటే కొత్త రంగు వచ్చిందని మనం మురిసిపోతున్నాంగానీ, నిజానికి అక్కడ జరిగింది ఏదో ఒకటి పోవడమే. పసుపును తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క చిన్న మార్పే నీలానికి కారణమని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం 2017లో తేల్చింది.

దాక్కునే రంగు

నీలం కనిపించాలంటే ఆ మార్పు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా రావాలి. ఒకరి నుంచే వస్తే పిల్ల ఆకుపచ్చగానే ఉంటుంది, నీలాన్ని మాత్రం లోపల దాచుకుంటుంది. పెంపకందార్లు దీన్ని 'స్ప్లిట్' అంటారు. పైకి చూసి గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. అలాంటి రెండు ఆకుపచ్చ పక్షుల్ని జత కడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నీలం. సగటున మాత్రమే సుమా! ఒక ఈతలో ఒక్కటీ రాకపోవచ్చు.

లుటినో కథ ఇంకోలా ఉంటుంది. లుటినో మగపక్షిని లుటినోని దాచుకోని ఆకుపచ్చ పెట్టతో కలిపితే ఆడపిల్లలన్నీ అమ్మలా కాక నాన్నలా పసుపుగా పుడతాయి. మగపిల్లలన్నీ ఆకుపచ్చే. గూట్లో ఉండగానే కళ్లు చూసి ఆడో మగో చెప్పేయొచ్చన్నమాట.

తొందరపడితే...

చిక్కంతా ఇక్కడే వస్తుంది. అరుదైన రంగుకి ధర ఎక్కువ. ఒక మంచి రంగు పిల్ల పుట్టగానే దాన్ని తోబుట్టువుతోనో, తల్లితోనో కలిపేస్తుంటారు కొందరు. రంగు త్వరగానే నిలబడుతుంది. కానీ తరం తర్వాత తరం అదే పనిగా అలా చేస్తే గుడ్లలోనే పిల్లలు చనిపోవడం, పుట్టినవి బలహీనంగా ఉండటం మొదలవుతుంది. పైగా విశ్రాంతి లేకుండా గుడ్లు పెట్టించడంతో పెట్ట ఒంట్లో కాల్షియం తగ్గిపోతుంది. గుడ్డు బయటికి రాక ప్రాణమే పోతుంది కొన్నిసార్లు.

విరుగుడు ఆ 'మామూలు' ఆకుపచ్చ పక్షే. మీ నీలి పక్షికి చుట్టరికం లేని, ఆరోగ్యమైన ఆకుపచ్చ జోడీని వెతకండి. మొదటి తరంలో అన్నీ ఆకుపచ్చ పిల్లలే వచ్చాయని దిగులుపడొద్దు. అవన్నీ నీలాన్ని దాచుకున్నవే. వేరే కుటుంబంలో ఇలాగే పుట్టినవాటితో జత కడితే నీలం మళ్లీ బయటపడుతుంది, ఈసారి గట్టి ఒంటితో. కావల్సిందల్లా ఒక్క తరం ఓపిక.

ఇవి గుర్తుంచుకోండి

* ఏ పిల్లకు తల్లిదండ్రులెవరో నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. కాలికి ఉంగరం తొడిగితే పొరపాట్లు జరగవు.

* ఏడాది దాటనిదే పెట్టను జత కట్టొద్దు. ఏడాదికి రెండు ఈతలు చాలు. తర్వాత కుండ తీసేసి విశ్రాంతినివ్వండి.

* కొర్రలతోపాటు ఆకుకూరలు, కాల్షియం కోసం కటిల్ ఫిష్ ఎముక పంజరంలో ఉంచండి.

* పిల్లల్ని ఎవరికిస్తారో ముందే ఆలోచించుకోండి. గుడ్లు పొదగడానికి పట్టేది 18 రోజులే!

* మన రామచిలుకను మాత్రం పంజరంలో పెట్టొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఈసారి పిల్లలు నీలి చిలుక కావాలంటే సరేననండి. దాంతోపాటు ఓ ఆకుపచ్చ చిలుకనూ ఇంటికి తెచ్చుకోండి. రాబోయే రంగులన్నీ దాని రెక్కల కిందే ఉండొచ్చు మరి!