సముద్రపు కయాక్ ఎంపిక

సముద్రపు కయాక్ పుట్టింది ఆర్కిటిక్ తీరాల వేటగాళ్ల చేతుల్లో. కర్రతోనో ఎముకతోనో చట్రం కట్టి, పైన సీల్ చర్మం తొడిగేవారు. ఆ సన్నని, పొడవాటి ఆకారం నేటికీ మారలేదు: పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 55 సెంటీమీటర్లకు అటూ ఇటూ. సరస్సుల్లో తిరిగే పొట్టి కయాక్ చవకే గానీ సముద్రానికి పనికిరాదు.

కొనేముందు చూడవలసింది ముందూ వెనకా నీరు చొరబడని అడ్డుగోడలు. అవి ఉంటే కూర్చునే చోటు నీటితో నిండినా పడవ తేలుతుంది. లేకపోతే అలల మధ్య దాన్ని ఖాళీ చేయడం దాదాపు అసాధ్యం. ధర ఎంత తగ్గించినా ఇక్కడ రాజీ పడకూడదు. ప్లాస్టిక్ బరువెక్కువ, కానీ రాళ్ల తాకిడికి ఓర్చుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ తేలిక, ఖరీదెక్కువ. ఏది కొన్నా ముందు అందులో కూర్చుని చూడాలి. తుంటి, తొడలు, మోకాళ్లు పడవకు ఆనితేనే పక్క అల కొట్టినప్పుడు అదుపు దక్కుతుంది.

లైఫ్‌జాకెట్, నీరు లోపలికి రాకుండా నడుము చుట్టూ బిగించే స్ప్రే స్కర్ట్, అదనపు తెడ్డు, చేతిపంపు, దిక్సూచి తప్పనిసరి. వీహెచ్‌ఎఫ్ రేడియోను జాకెట్‌కే తగిలించుకోవాలి. పడవ చేజారితే అందులోని రేడియో అక్కరకు రాదు. చల్లని సముద్రాల్లో ఎండ ఎంత కాసినా దుస్తులు నీటి చలికి తగ్గట్టే ఉండాలి. బోల్తా పడ్డాక తిరిగి ఎక్కడం మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు, తీరం దగ్గరే సాధన చేయాలి.