జామ్, తేనె వ్యాపారం: తీపి సరుకుకు సకాలపు చెల్లింపు

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం 1912లో ఉత్పత్తి ప్రారంభించిన తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి జీవనోపాధికై తరలివచ్చి, అక్కడే స్థిరపడిన తెలుగు వారు అనేకులు. అట్టి కుటుంబాలలో ఆవకాయ జాడీ తెరచినపుడు ముందుగా వచ్చే ప్రశ్న ‘ఇది ఎవరి చేతిది?’ అన్నదే. ఇంటిలో తయారైన తినుబండారానికి విలువ నిచ్చేది ఆ చేతిపై గల నమ్మకమే. సిద్ధగోరా వంటి నివాస ప్రాంతాలలోని ఈ నమ్మకాన్ని పటమ్దా, పోట్కా వంటి చుట్టుపట్ల గ్రామీణ మండలాల పండ్లతోను, తేనెతోను జతపరచగలిగితే చిన్న రైతు కుటుంబానికి చక్కని ఉపవృత్తి లభించగలదు. అయితే ఈ వ్యాపారం నిలబడాలంటే తయారీలో మెలకువ ఒక్కటే చాలదు. అప్పు సరుకు కాలాన్ని అనుసరించాలి. వర్తకుని చెల్లింపు అప్పు గడువును అనుసరించాలి. ఈ రెండవ విషయమే మనం తరచుగా విస్మరిస్తున్నాము.

సరుకులో నిజాయితీ

జామ్ తయారీకి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. ప్రమాణాల ప్రకారం సాధారణ పండ్ల జామ్‌లో పండు కనీసం 45 శాతం ఉండాలి. పెక్టిన్ అధికంగా గల జామపండు సులభంగా గట్టిపడుతుంది. పులుపు చాలని పండుకు నిమ్మరసం చేర్చాలి. పాకం సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి చేరినపుడు దించివేయడం వాడుక. కంటి అంచనాకు బదులు ఒక ఉష్ణమాపకం కొనుక్కొనుట మేలు. సీసాలను మరిగే నీటిలో శుద్ధి చేసి, వేడి మీదనే నింపి మూత బిగించాలి. బూజు పట్టిన ఒక్క సీసా పది మంది ఖాతాదారులను పోగొట్టగలదు.

తేనె విషయంలో మరింత జాగరూకత అవసరం. తేమ 20 శాతం మించిన తేనె పులిసే ప్రమాదం కలదు. కనుక మైనపు మూతలు పడిన పట్టులనే పిండుకోవాలి. ఝార్ఖండ్‌లో వేసవి ఆరంభపు కానుగ పూత తేనెటీగలకు ముఖ్యమైన ఆధారం. ఏ పూత నాటి తేనె అన్నది సీసాపై తెలుపుట కొనుగోలుదారునకు ఉపయోగకరం. ఏడాది నిండని శిశువులకు తేనె పట్టరాదన్న హెచ్చరికను కూడ ముద్రించుట బాధ్యత.

వర్తక సోదరులకు ఇచట ఒక మనవి. చలికాలంలో తేనె పేరుకొనుట సహజ లక్షణం. అది పంచదార కలిపినందుకు గుర్తు కాదు. ఆ కారణంగా సీసాలను తిప్పి పంపుట ఉత్పత్తిదారునకు అన్యాయం చేయుటే. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచిన తిరిగి కరుగుతుంది. నీటి గ్లాసులో చుక్క వేసి, వత్తికి అంటించి వెలిగించి చేసే పరీక్షలు కల్తీని తేల్చలేవు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ ప్రకటించిన పరిశీలనలో 13 రకాల బ్రాండు తేనెలకు గాను 10 రకాలు ఆధునిక ఎన్.ఎం.ఆర్. పరీక్షలో నెగ్గలేదు. పెద్ద పేరు ఒక్కటే స్వచ్ఛతకు హామీ కాదని దీనివలన తేటతెల్లమవుతున్నది. చిన్న ఉత్పత్తిదారునికి ఇదే అవకాశం: తన తేనె ఏ ఊరి పెట్టెల నుండి వచ్చినదో అతడు చూపగలడు.

అప్పు దేనికి?

పలువురు ఋణగ్రహీతలు ముందుగా యంత్రానికి అప్పు అడుగుతారు. మా అభిప్రాయంలో తొలి అప్పు పండ్లకు, పంచదారకు, సీసాలకు కావలెను. నేరేడు పండు వర్షారంభంలో కొద్ది వారాలు మాత్రమే లభిస్తుంది. ఆ వారాలలో చేతిలో సొమ్ము లేనివారికి ఆ ఏడాది నేరేడు జామ్ లేనట్లే. సరుకు మాత్రం నెలల తరబడి అమ్ముడవుతుంది. అందుచేత సమాన నెలవారీ వాయిదాల కంటె, అమ్మకాల కాలాన్ని బట్టి తీర్చుకొనే నిర్వహణ మూలధనమే ఈ వృత్తికి తగినది. 2015లో ప్రారంభమైన ముద్రా పథకపు శిశు విభాగం రూ. 50 వేల వరకు ఇట్టి అవసరాలకే ఉద్దేశించబడినది. 2020 నాటి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం 35 శాతం, గరిష్ఠంగా రూ. 10 లక్షల సబ్సిడీతో పాటు, స్వయం సహాయక బృంద సభ్యురాలికి రూ. 40 వేల వరకు ప్రారంభ మూలధనాన్ని కల్పించినది. సబ్సిడీని చూసి యంత్రం కొనవద్దు. అమ్మకాన్ని చూసి కొనండి.

బాకీ ఎవరిది?

ఉదాహరణకు ఒక మహిళ 12 శాతం వడ్డీకి రూ. 50 వేలు తెచ్చి సరుకు తయారుచేసినదనుకొందాము. నెలకు వడ్డీ రూ. 500. దుకాణదారుడు సొమ్మును నాలుగు నెలలు నిలిపిన ఆమె అదనంగా భరించేది రూ. 2 వేలు. నష్టం అంతటితో ఆగదు. శీతాకాలపు జామ, ఉసిరి వచ్చునాటికి పెట్టుబడి ఆమె చేతిలో లేదు. సీజను దాటిపోయినది. వాయిదా తప్పినది మాత్రం ఆమె పేరుననే నమోదవుతుంది! ‘సరుకు అమ్ముడైన తరువాత చూద్దాము’ అన్న మాట వెనుక ఉన్నది వడ్డీ లేని అప్పు తప్ప మరొకటి కాదు. బ్యాంకు నుండి రూపాయి తెచ్చిన పేదరాలు తనకంటె స్తోమత గల వర్తకునకు ఋణదాత అగుచున్నది.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం వ్రాతపూర్వక ఒప్పందం లేనిచో 15 రోజులలోను, ఉన్నచో 45 రోజులకు మించకుండను చెల్లించాలి. ఆలస్యమైన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీతో, ఇవ్వవలసి ఉంటుంది. గడువు మీరిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలో మాత్రమే ఖర్చుగా చూపవలెనన్న ఆదాయపు పన్ను నిబంధన కూడ 2024 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినది. ఈ రక్షణ కొరకు ఉత్పత్తిదారులు ఉద్యమ్ నమోదు చేయించుకొని, ప్రతి సరఫరాకు తేదీతో కూడిన బిల్లు తప్పక ఇవ్వాలి.

చిన్నవారు ఎదురు చెప్పలేరన్న వాదన కలదు, అది నిజమే. ఒక్కరుగా వెళ్ళిన మహిళ దుకాణదారునితో తగవు పెట్టుకొనలేదు. అందుకే బృందంగా అమ్మాలి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యపు సంతలలో తేనె మొదలగు అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేయుటలోని ఉద్దేశం కూడ ఇదే: సేకరించినవాడు దళారి దయపై ఆధారపడరాదని. ఝార్ఖండ్‌లో 2020లో వచ్చిన ‘పలాశ్’ బ్రాండు మహిళా బృందాల సరుకును ఒకే పేరుతో అంగడికి తెచ్చినది.

వర్తకుని కష్టము కూడ మనం ఎరుగనిది కాదు. అమ్ముడుపోని సీసాల భారం అతనిది. కనుక మొదటి విడతగా కొద్ది సీసాలే తీసుకొని, వాటి సొమ్ము చెల్లించి, గిరాకీని బట్టి మరల కోరుట ఉభయతారకం. అరువుకు నూరు సీసాల కంటె నగదుకు ఇరవై సీసాలు ఉత్పత్తిదారునకు మేలు.

తేనెటీగ పూవు నుండి మకరందాన్ని గ్రహించి, ప్రతిగా పరాగసంపర్కం చేసి పోతుంది. తీసుకొన్నదానికి అప్పటికప్పుడే బదులు తీర్చుట దాని పద్ధతి. ఆ తేనెను అమ్ముకొనే మనం కనీసం 45 రోజులలోనైనా బదులు తీర్చుట న్యాయం.